రేవు బాగుచేసిన వేసవి

ఏప్రిల్ నెలాఖరుకి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేస్తే మా ఊరి కాలువ అడుగు బయటపడుతుంది. ఏడాదంతా నీళ్ళు దాచిపెట్టిందంతా అప్పుడు చూడాలి. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, యానాం బ్రాందీ సీసాలు, ఎవరో పారేసిన ఫ్యాను రెక్క, నీళ్ళలో పెరిగే తూడుతో కలిసి ఎండి అట్టకట్టిన పాత చీరలు. ఊరంతా ముక్కు మూసుకుని గట్టు దాటుతుంటే, మా నాన్న మాత్రం పార భుజాన వేసుకుని అందులోకి దిగేవాడు.

ఆ కాలువలో మా సంఘానికి ఒక రేవుంది. చర్చి వెనక మెట్లు దిగితే నడుము లోతు నీళ్ళు. బాప్తిస్మాలన్నీ అక్కడే. నీళ్ళొచ్చాక అడుగు కనపడదు కాబట్టి, కాలువ కట్టేసినప్పుడే గాజుపెంకులు ఏరి, పూడిక తీసి, పట్టుకోవడానికి సరుగుడు బాదులు పాతి ఉంచాలి. ఎవరూ చెప్పకుండానే ఆ పని నాన్నదైంది. నాన్న పేరు జ్ఞానప్రకాశం. పంచాయతీ నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే ఉద్యోగం. చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి చాపలు పరిచేది, అందరూ వెళ్ళాక చుట్టేది ఆయనే. ఎవరైనా "ఒకసారి మా చేత చేయించండి" అంటే, "మీరు పరిస్తే వంకరగా పరుస్తారు" అనేవాడు.

నేను బీఎడ్ పూర్తిచేసి రామచంద్రపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరిన మొదటి ఏడాది అది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. వేసవి సెలవులు కదా, పొద్దున పూట చర్చిలో పిల్లలకి వాక్యం నేర్పేదాన్ని, సాయంత్రం నాన్నకి మజ్జిగ పట్టుకెళ్ళేదాన్ని.

ఆ సాయంత్రం వెళ్ళేసరికి గట్టు వాలు మీద, లుంగీ పైకి కట్టుకుని, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. గొంతు విన్నాకే గుర్తుపట్టాను. జీవరాజు మామయ్య. మా బేబీ అత్త మొగుడు.

బేబీ అత్త నాన్న చెల్లెలు. మామయ్య ఆవిడని వదిలేసి యానాం వెళ్ళి, బ్రాందీ షాపులో పనికి కుదిరి, అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అత్త అప్పట్నుంచి మా ఇంట్లోనే ఉంటూ కుట్టుమిషను మీద బతుకుతోంది. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆవిడే. ఒక గుడ్ ఫ్రైడే నాడు మామయ్య తాగొచ్చి, చర్చి నిండా జనం ఉండగా, మధ్యలో నిలబడి నాన్నని నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు. అదే మేం ఆయన్ని ఆఖరుసారి చూడ్డం. ఈ ఏడు ఈస్టరు తెల్లవారుజామున ఊరి మీదుగా పోతూ, మైకులో ఆరాధన వినపడితే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడని, అప్పట్నుంచి వంతెన దగ్గర గది తీసుకుని సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నాడని విన్నాం గానీ, నాన్న ముందుకి రావడం అదే మొదలు.

"బావగారూ, ఆ పార ఇలా ఇవ్వండి. నేనూ ఓ చెయ్యి వేస్తాను."

నాన్న తలెత్తలేదు. "ఈ సీసాలు చూశావా? సగం నీ షాపువే. నువ్వు వెయ్యాల్సిన చెయ్యి ఎప్పుడో వేసేశావు."

"నిజవేనండి. అందుకే ఏరతానంటున్నాను."

"అక్కర్లేదు. ఎండగా ఉంది, ఇంటికెళ్ళు. ఇల్లంటూ ఉంటే."

మామయ్య కిందికి వంగాడు. కాళ్ళ దగ్గర ఉన్న సీసా ఒకటి తీసి గట్టు మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు. నాన్న దాన్ని తీసి తట్టలో విసిరాడు.

రెండు రోజుల తరవాత పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. అనిల్ కుమార్ గారు వయసులో చిన్నవారు, మా సంఘానికి కొత్త. నాన్నకి ఆయనంటే గౌరవమే గానీ, ప్రసంగం మరీ పొట్టిగా ముగిస్తారని చిన్న కంప్లైంటు ఉండేది. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అసలు సంగతి ఎత్తారు.

"జీవరాజు గారు బాప్తిస్మం అడుగుతున్నారండి. మీ కుటుంబంతో మాట్లాడకుండా ముందుకి వెళ్ళకూడదనుకున్నాను."

"గారు ఎప్పుడయ్యాడండీ వాడు?" అన్నాడు నాన్న.

మూల కుట్టుమిషను ఆగిపోయింది. పాస్టరుగారు అటు తిరిగారు. "అమ్మా, మీకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. మీరేమంటారు?"

అత్త దారం పళ్ళతో తెంపి, కుడుతున్న జాకెట్టు మడతపెట్టింది. "వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడండి, మొన్న బజార్లో. నలుగురూ చూస్తున్నారు లేవయ్యా అన్నాను. యానాంలో ఆవిడ కూడా ఎప్పుడో వదిలేసి పోయిందంట. దేవుడు ఆయన్ని తన ఇంట్లోకి రానిచ్చుకుంటే కాదనడానికి నేనెవర్నండి? నా ఇంట్లోకి మాత్రం రానివ్వను. అదీ ఇదీ వేరు."

"వేరేనమ్మా. ఆ మాట ఆయనకీ చెప్పాను."

"మరింకేం. అన్నయ్యనడగండి, ఆయనకే మండుతోంది." మిషను మళ్ళీ మొదలైంది.

నాన్న ఖాళీ గ్లాసులు ఒక పక్కకి జరిపాడు. తరవాత గొంతు సవరించుకుని, సంఘం మీటింగుల్లో మాట్లాడే గొంతుతో అన్నాడు. "ఒక మాట చెబుతానండి. ఈ ఏడు రేవు నేను ముట్టుకోను. మొత్తం వాడొక్కడే బాగుచెయ్యాలి. పూడిక తియ్యాలి, పెంకులు ఏరాలి, బాదులు పాతాలి. నీళ్ళొచ్చేలోపు అయిపోవాలి. చేస్తే అప్పుడు నమ్ముతాను."

పాస్టరుగారు కుర్చీలోంచి లేచారు. "పని చెయ్యనివ్వండి. రేవు అందరిదీ కదా" అని మాత్రం అన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నావైపు చూసి, "పిల్లలకి ఈ వారం ఏ పాఠం చెబుతున్నారమ్మా?" అని అడిగారు.

"రక్షణ కృప వల్లనే, మన పనుల వల్ల కాదు అనేదండి."

"బాగా చెప్పండి" అన్నారు.

మే నెల ఎండ ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పది దాటితే గట్టు మీద కుక్క కూడా ఉండదు. మామయ్య తలకి తుండు చుట్టుకుని పొద్దున్నే దిగేవాడు, ఎండ ముదిరాక వంతెన కింద పడుకునేవాడు, నీడ వాలాక మళ్ళీ దిగేవాడు. మొదటి వారం ఊరికి అదొక తమాషా. "ఏం జీవరాజు, పాతిపెట్టిన సీసా ఏదైనా దొరికిందా?" అని గట్టు మీంచి ఎవడో అరిస్తే, "దొరికాయిరా, అన్నీ ఖాళీవే. నాకు ఎప్పుడూ అవే దక్కాయి" అనేవాడు. ఆయన నవ్వుతూ అనే ఆ మాటకి నవ్వని వాళ్ళు లేరు. ఆ నవ్వు చూసే ఒకప్పుడు మా అత్త ఆయన్ని చేసుకుంది.

మజ్జిగ ఇప్పుడు ఆయనకి పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఇమ్మన్నది అత్తే. "దాహానికి ఇస్తున్నాను, కాపురానికి కాదని చెప్పు" అంది. చెప్పాను. "తెలుసులేమ్మా" అని గటగటా తాగేశాడు.

నాన్న మొదట్లో అటు చూడనట్టే ఉండేవాడు. తరవాత ట్యాంకు నుంచి ఇంటికొచ్చే దారి మార్చుకుని గట్టు మీదుగా రావడం మొదలుపెట్టాడు. తరవాత గొడుగు వేసుకుని నిలబడేవాడు. ఒకరోజు నేను వెళ్ళేసరికి పైనుంచి పాఠం చెబుతున్నాడు.

"బాదు మొన అలా కాదు చెక్కేది. మూడు పలకలుగా చెక్కాలి. అప్పుడే మట్టిలో దిగుద్ది."

"ఇలాగాండీ?"

"ఆఁ. ఇప్పుడు కొట్టు. గట్టిగా కొట్టవయ్యా, తిండి తినలేదా?"

ఇంటికొచ్చాక అన్నం దగ్గర, "పని నేర్చుకున్నాడు. ఫరవాలేదు" అన్నాడు. నాన్న నోట ఫరవాలేదు అంటే సామాన్యం కాదు. నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ సాయంత్రం మజ్జిగ తాగుతూ మామయ్య నాతో అన్న మాటే ఇంకా నా చెవుల్లో ఉంది.

"సువర్ణా, ఒక్కో తట్ట ఎత్తినప్పుడల్లా ఒక్కో పాపం తలుచుకుంటున్నానమ్మా. ఇది మీ అత్తని కొట్టినందుకు, ఇది ఆ గుడ్ ఫ్రైడే నాటి తిట్లకి. గట్టు మీద పోసేస్తే అది తీరిపోయినట్టు. తేలిగ్గా ఉంటోంది. అన్నీ తీరేసరికి మట్టి చాలుద్దో లేదో."

నవ్వుతూనే అన్నాడు. పొద్దున్నే పిల్లల చేత కృప గురించిన ఆ వాక్యం నోటికి చెప్పించి వచ్చినదాన్ని, ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చేశాను. కాదు మామయ్యా అంటే పని మానేస్తాడేమో, మానేస్తే నాన్న మళ్ళీ మొదటికొస్తాడేమో. చివరికి పాస్టరుగారికి చెప్పాను. ఆయన విని, "రేవు పూర్తయ్యాక వస్తాను" అన్నారు.

రేవు పూర్తయింది. అంత బాగా నాన్న కూడా ఎప్పుడూ చెయ్యలేదు. మెట్లకి పట్టిన పాచి గీకేసి, అడుగున ఇసక పోసి, బాదులు రెండు వరసలుగా పాతి, వాటికి కొబ్బరితాడు కూడా కట్టాడు. నాన్న మెట్ల మీద నిలబడి బాదులు ఒక్కోటి ఊపి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. పాస్టరుగారు వచ్చారు. నేనూ ఉన్నాను.

"ఇచ్చేయొచ్చండి" అన్నాడు నాన్న. "కష్టపడ్డాడు. నేను చూశాను కదా, కాదనను. వాడు సంపాదించుకున్నాడు."

మామయ్య చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. చేతులనిండా బొబ్బలు. "ఇప్పటికి నాకు దిగే అర్హత వచ్చిందండి" అన్నాడు.

పాస్టరుగారు రేవుని తీరిగ్గా చూశారు. "చాలా బాగుందండి" అన్నారు. తరవాత మామయ్య వైపు తిరిగి, మెత్తగానే అన్నారు. "దీనికి బదులుగా అయితే నేను బాప్తిస్మం ఇవ్వలేనండి."

నాన్న మొహం ఎర్రబడింది. "అదేంటండీ? చెయ్యకపోతే ఒక మాట, చేసినా ఇవ్వనంటే ఎలాగండీ?"

"ఆయన ఏమీ చెయ్యకుండా వచ్చినరోజే ఇచ్చేవాడినండి. ఇప్పుడు ఇస్తే ఇది కూలి అవుద్ది. ఆయన నీళ్ళలోంచి లేచి, నేను సంపాదించుకున్నాను అనుకుంటారు. రేపు కాలు జారితే, పోగొట్టుకున్నాను అనుకుంటారు. సిలువ మీద ఆయన కోసం జరిగినదానికి ఈ మట్టి తట్టలు జతచెయ్యక్కర్లేదండి. అది సరిపోయింది. సరిపోయిందని ఒప్పుకుని దిగితే చాలు."

"అంటే మంచిగా ఉండక్కర్లేదా?" అన్నాడు నాన్న.

"ఉండాలండి. కొడుకు తన ఇంట్లో పని చేసినట్టు చెయ్యాలి. ఇంట్లోకి రావడానికి కాదు, ఇంట్లో ఉన్నాడు కాబట్టి."

"వాడు తాగి తిరిగినన్నాళ్ళూ నేను ఇక్కడ చాపలు పరిచానండి. పస్తులుండి ప్రార్థన చేశాను. ఈ మెట్లు కట్టినప్పుడు సిమెంటు నా నెత్తిన మోశాను. అదీ ఇదీ ఒకటేనా?"

"మీరు చేసినవన్నీ మంచివేనండి" అన్నారు పాస్టరుగారు. "కానీ ఆ ఇంటి తలుపు దగ్గర మీరూ జీవరాజు గారూ ఒకే వరసలో నిలబడాలి. నేను కూడా అంతే."

నాన్న చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మామయ్య తన చేతులు తిప్పి చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆ ఆదివారం నాన్న చర్చికి రాలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి. చాపలు నేనూ అత్తా పరిచాం, కొంచెం వంకరగానే. ఇంటికొచ్చేసరికి ఆయన తెల్లచొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోకుండా, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బయల్దేరాడన్నమాట. వెళ్ళలేకపోయాడు.

"ఏం చెప్పారు ప్రసంగం?" అన్నాడు.

"నీ గురించి కాదులే అన్నయ్యా" అంది అత్త లోపలికెళ్తూ. "ఇవాళ కూడా పొట్టిగానే ముగించారు."

నాన్న నవ్వలేదు. మధ్యాహ్నం నాతో, "సువర్ణా, నువ్వు చదువుకున్నావు, నువ్వు చెప్పు. నేనేమన్నా తప్పు అడిగానా?" అన్నాడు.

నేను నిదానంగా చెప్పాను. "తప్పు కాదు నాన్నా. కానీ మామయ్య సరిపడా చేశాడని నువ్వు నమ్మావు. మరి నువ్వు సరిపడా చేశావని నీకు నమ్మకం ఉందా?"

నాన్న కాళ్ళు చాపుకున్నాడు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోయాడనుకున్నాను. కళ్ళు తెరవకుండానే, "ఎప్పుడూ లేదమ్మా" అన్నాడు. "అందుకే కదా ఆపకుండా చేసేది."

జూన్ మొదట్లో లాకులెత్తి కాలువకి నీళ్ళు వదిలారు. మొదటి నీళ్ళు వచ్చే చప్పుడు మా ఇంటికి వినపడుతుంది. నాన్న టీ తాగకుండానే బయల్దేరితే నేనూ వెనకే వెళ్ళాను.

మొదటి నీళ్ళు నీళ్ళలా ఉండవు. ఎర్రగా, నురగగా, పైనున్న ఊళ్ళ చెత్తంతా మోసుకుని వస్తాయి. ఆ ఏడు ఎక్కడో గట్టు తెగి మట్టి కూడా కలిసింది. మేం వెళ్ళేసరికి తాటిదుంగ ఒకటి కొట్టుకొచ్చి బాదుల వరస మీద అడ్డం పడి ఉంది. దాని వెనక తూడు, గడ్డి, థర్మోకోలు ముక్కలు మెట్లదాకా మేట వేసేశాయి. కొబ్బరితాడు తెగి నీళ్ళలో ఆడుతోంది. రేవు అనేదే లేదు.

మామయ్య మోకాళ్ళ లోతు బురదలో దిగి ఆ దుంగని లాగుతున్నాడు.

"వదిలెయ్" అన్నాడు నాన్న పైనుంచి. "నీవల్ల కాదు."

"మళ్ళీ బాగుచేస్తానండి బావగారూ."

"నీళ్ళొచ్చేశాయి. ఇంక నీవల్లా కాదు, నావల్లా కాదు. పైకి రా."

మామయ్య వచ్చాడు. గట్టు మీద కూలబడి, బురద చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇది కూడా పోయిందండి. ఇంక చూపించడానికి నా దగ్గరేం లేదు" అన్నాడు.

నాన్న ఆ దుంగకేసి చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళు దాన్ని ఒకసారి ఊపి వదిలాయి. తరవాత నొప్పెట్టే మోకాలు పట్టుకుని మెల్లగా దిగి, మామయ్య పక్కనే గడ్డిలో కూర్చున్నాడు.

"నా దగ్గరా లేదురా" అన్నాడు.

ఇద్దరూ అలా కూర్చున్నారు. నేను చర్చి పక్కనున్న ఇంటికి వెళ్ళి పాస్టరుగారిని పిలుచుకొచ్చాను. ఆయన్ని చూసి నాన్న లేవబోయాడు గానీ మోకాలు సహకరించలేదు, కూర్చునే చెప్పాడు.

"వంతెన దగ్గర మెట్లున్నాయండి. గేదెల్ని కడిగే రేవు. ఈ ఆదివారం అక్కడ ఇచ్చేద్దాం. నీళ్ళు వడిగా ఉంటాయి, మీరొక్కరే పట్టుకోలేరు. పక్కన నేను దిగుతాను."

పాస్టరుగారు మామయ్య వైపు చూశారు. "ఏమంటారండీ జీవరాజు గారూ? దేన్ని నమ్ముకుని దిగుతారు?"

మామయ్య చేతులు చూపించాడు. ఎండిన బురద తప్ప వాటిలో ఏమీ లేదు. "ఆయన సిలువ మీద చేసిందే నమ్ముకుంటానండి. నేను చేసింది మీరు చూస్తూనే ఉన్నారు కదా."

ఆదివారం వంతెన నిండా జనం. గేదెల్ని తోలుకొచ్చిన వాళ్ళు కూడా ఆగి చూశారు. సాక్ష్యం చెప్పమంటే మామయ్య, "చెప్పుకోడానికేం లేదండి. పాడైపోయాను. రమ్మన్నాడు, వచ్చాను" అన్నాడు. అంత పొట్టి సాక్ష్యం మా సంఘంలో ఎవరూ వినలేదు. నాన్న ఇస్త్రీ పంచెతోనే దిగాడు. నీళ్ళు నడుముదాకా వచ్చి తోస్తున్నాయి. మామయ్యని ముంచి లేపేటప్పుడు నాన్న మోకాలు పట్టు తప్పింది. ఒక్క క్షణం ముగ్గురూ ఊగారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో గట్టు మీంచి తెలీలేదు. లేచాక చూస్తే ముగ్గురూ నిలువునా తడిసి ఉన్నారు. "జ్ఞానప్రకాశం గారికి రెండోసారి అయ్యింది" అన్నారెవరో. జనం నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అత్త నా పక్కనే ముసుగు సర్దుకుంటూ నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, ఏడవలేదు కూడా. "జలుబు చేస్తుందేమో ఇద్దరికీ" అంది.

తరవాత చర్చి ఆవరణలో షామియానా కింద ప్రేమవిందు. కోడికూర, మామిడికాయ పప్పు. అన్నం బేసిన్ అత్త చేతిలో, కూర బకెట్టు నా చేతిలో. మొదటి పంక్తిలో కూర్చోడం నాన్నకి అలవాటు లేదు. అందరూ తిన్నాక ఏది మిగిలితే అది తినేవాడు. ఆ రోజు తడిబట్టలు మార్చుకుని వచ్చి, నేరుగా మామయ్య పక్కన, మొదటి పంక్తిలోనే కూర్చున్నాడు.

"అన్నయ్యా, నువ్వు కూర్చున్నావేంటి? వడ్డనకి మనుషుల్లేక మేం చస్తుంటే" అంది అత్త.

"ఇవాళ పెట్టించుకుంటాను. వెయ్యి."

అత్త ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి అన్నం వేసింది. జరిగి మామయ్య విస్తరి ముందు ఆగింది. ఆయన తలెత్తకుండా, "కొంచెం చాలు" అని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎందుకు చాలు? చెయ్యి తియ్యి."

తీశాడు. నాన్నకి ఎంత వేసిందో అంతే వేసింది. ఒక మెతుకు ఎక్కువా లేదు, తక్కువా లేదు. వేసి, ఇంకేమీ అనకుండా పక్క విస్తరికి జరిగిపోయింది. వెనకే నేను కూర వేశాను.

మామయ్య అన్నం కలపకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. నాన్న అప్పటికే రెండు ముద్దలు తిన్నాడు. మూడోది నోట్లో పెట్టుకోబోతూ ఆగి, మోచేత్తో పక్కకి పొడిచాడు.

"చల్లారిపోద్ది" అన్నాడు. "తిను."